మలక్‌పేటలో డెబ్బై సెకన్లు

ఆర్మూర్ రైతు పసుపును నిజామాబాద్ యార్డులోనే అమ్ముకుంటాడు. హైదరాబాదు మలక్‌పేట గంజ్‌తో అతనికి పెద్దగా పనిపడదు. మిర్చి, ఉల్లి బస్తాలు దిగే ఆ గంజ్‌ను మాత్రం ఇప్పటికీ ఒక రాజమహలు పేరుతోనే పిలుస్తారు: మహబూబ్ మాన్షన్ మార్కెట్ యార్డు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన మహలు అది. దానికి దగ్గరగా ఉంటుందనే 1886లో గుర్రప్పందేలను మౌలాలి నుంచి మలక్‌పేటకు మార్చారు. కాలం గడిచి మహలు ఆవరణ గంజ్ అయింది. పందేలు యాభై ఏళ్లకు పైగా వేరే చోటికి వెళ్లి, మళ్లీ మలక్‌పేటకే వచ్చాయి.

ఆ మైదానంలో రకరకాల దూరాల పందేలు జరుగుతాయి. అక్టోబరు 2న జరిగే దక్కన్ డెర్బీ 2000 మీటర్లు, చలికాలంలో జరిగే గోల్కొండ డెర్బీ 2400. పేరు, ప్రతిష్ఠ వీటికే ఎక్కువ. వీటికి దాదాపు సగం దూరమే పరుగెత్తి జనాన్ని కుర్చీల్లోంచి లేపే పందెం ఇంకొకటి ఉంది. దేశంలోని ఐదు రేసు సంస్థలు ముంబై, కోల్‌కతా, బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో వంతులవారీగా నడిపే ఇన్విటేషన్ కప్ పండుగలో భాగమైన స్ప్రింటర్స్ కప్ అది. దూరం 1200 మీటర్లు. గేటు తెరుచుకున్నాక డెబ్బై సెకన్లు, అటూ ఇటూగా, అంతే. గుర్రం చరిత్రలో ఇంత చిన్న పరుగుకు గౌరవం దక్కడం చాలా ఆలస్యంగా జరిగింది. దక్కనులో అయితే మరీ ఆలస్యం.

ఎందుకంటే ఇక్కడ గుర్రం యుద్ధ సరుకు. ఎంత వేగంగా పోయిందన్న దానికన్నా, రౌతును, ఆయుధాన్ని, దాణాను మోస్తూ ఎన్ని ఆమడలు నడిచిందన్నదే లెక్క. భీమా నది లోయలో పుట్టిన దక్కనీ గుర్రాలు పొట్టివి, మొండివి, మోటు మేతతో బతికేవి. దండయాత్రలకు అవి బాగా పనికొచ్చేవి. మేలుజాతి కావాలంటే మాత్రం సముద్రం దాటి రావాల్సిందే. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఈ వ్యాపారానికి తెలుగు నేల మీద మిగిలిన గట్టి సాక్ష్యం. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప ఏమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. బంగారం పక్కనే గుర్రం పేరు రాయించాడంటే దాని విలువ ఎంతో తెలుస్తూనే ఉంది.

విజయనగరం నాటికి అవసరం మరీ ముదిరింది. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ రాసిన దాని ప్రకారం సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిపోయిన గుర్రాలకు కూడా ధర కట్టేవాడు. ఆధారంగా తోక తెచ్చి చూపిస్తే చాలు. వినడానికి నవ్వొస్తుంది కానీ అందులో గట్టి వ్యాపార బుద్ధి ఉంది. నష్టం రాజు భరిస్తే వర్తకుడు మళ్లీ వస్తాడు, లేకపోతే ఆ సరుకు శత్రువు రేవులో దిగుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టంలో చెప్పిందీ ఈ మాటే: ఏనుగులు, మేలుజాతి గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి దగ్గర చేసుకోవాలి. గుర్రం మంచి చెడ్డలు చెప్పే శాస్త్రం కూడా తెలుగులో పద్యాలకెక్కింది. మనుమంచి భట్టు హయలక్షణ విలాసము అలాంటిదే. సుళ్లు ఎక్కడుండాలి, రంగు ఎలా ఉండాలి, ఏది యజమానికి కలిసొస్తుంది అన్నవి ఆ శాస్త్రానికి ముఖ్యం. 1200 మీటర్లను ఎన్ని సెకన్లలో దాటుతుందన్న ప్రశ్న అప్పటివాళ్లకు పుట్టనే లేదు.

ఇంగ్లండులో కూడా మొదట్లో అంతే. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో రాజుగారి బహుమతి పందేలు నాలుగు మైళ్ల హీట్లుగా జరిగేవి. ఒకే రోజు అవే గుర్రాలు రెండు మూడుసార్లు పరుగెత్తి తేల్చుకునేవి. మూడు హీట్లయితే పన్నెండు మైళ్లు, అంటే పందొమ్మిది కిలోమీటర్లకు పైనే. దానికి ముదిరిన, ఎముక గట్టిపడిన గుర్రం కావాలి. బైర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు తూర్పుదేశపు మగ గుర్రాల సంతతిగా థరోబ్రెడ్ జాతి స్థిరపడేసరికి యజమానుల ఓపిక తగ్గింది. ఐదారేళ్లు మేపితే తప్ప పందేనికి రాని గుర్రం కన్నా మూడేళ్లకే డబ్బు తెచ్చే గుర్రం నయమనిపించింది. 1776లో సెయింట్ లెజర్, 1779లో ఓక్స్, 1780లో డెర్బీ మొదలయ్యాయి. మూడూ మూడేళ్ల గుర్రాలవే. మొదటి డెర్బీ ఒక్క మైలే. దాన్ని మైలున్నరకు పెంచింది 1784లో. 1791లో వెదర్‌బీ వంశావళి పుస్తకం అచ్చయ్యాక గుర్రం తాతముత్తాతల పేర్లు అధికారికమయ్యాయి.

అయినా పెద్ద మనుషుల దృష్టిలో ఆరు ఫర్లాంగుల, అంటే దాదాపు 1200 మీటర్ల పరుగు చాలాకాలం చిల్లర పందెమే. కాయకష్టానికి ఓర్చని గుర్రాల కోసం పెట్టిన వినోదమని చిన్నచూపు. న్యూమార్కెట్‌లో 1876లో జూలై కప్ మొదలయ్యాక కానీ ఆ తక్కువతనం పోలేదు. మొదటి రెండేళ్లూ దాన్ని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే గుర్రమే గెలిచింది. ఇప్పుడు ప్రపంచంలో పేరుమోసిన వేగపు పందేల్లో అదొకటి. జపాన్ వాళ్ల స్ప్రింటర్స్ స్టేక్స్ 1967లో, అమెరికా బ్రీడర్స్ కప్ స్ప్రింట్ 1984లో వచ్చాయి. సిడ్నీలో 2017లో మొదలైన ఎవరెస్ట్ పందెం సరిగ్గా 1200 మీటర్లే, దాని బహుమతి సొమ్ము మాత్రం శతాబ్దాల నాటి డెర్బీలను దాటేసింది. రెడ్జెల్ అనే గుర్రం మొదటి రెండేళ్లూ వరసగా గెలిచింది.

హైదరాబాదులో గుర్రప్పందేల అధికారిక కథ 1868లో మౌలాలిలో మొదలవుతుంది. అప్పటికి మహబూబ్ అలీ ఖాన్ రెండేళ్ల పిల్లవాడు, గద్దె మీద ఆయన తండ్రి అఫ్జలుద్దౌలా. పక్కనే 1806 నుంచి సికింద్రాబాదు కంటోన్మెంటు ఉంది. ఇంగ్లీషు దండు ఎక్కడ గుడారం వేస్తే అక్కడ రెండు గోలుపోస్టులూ ఒక పరుగు బాటా వెలిసేవి. మద్రాసు గిండీలో 1777 నాటికే పందేలు జరుగుతున్నాయి కదా. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చాక బొంబాయి దగ్గరైంది. గుర్రాలూ, వాటి యజమానులూ, వాళ్ల వెంట తిరిగే బుకీలూ రావడం సులువైంది. బొంబాయి రేవులో అరబ్బు గుర్రాలు దిగితే, మద్రాసు, కలకత్తా రేవుల్లో ఆస్ట్రేలియా నుంచి వేలర్లనే గుర్రాలు దిగేవి. ఒకే మైదానంలో అరబ్బులకు వేరే పందేలు, ఎత్తు తక్కువ పోనీలకు వేరే పందేలు నడిపేవారు. థరోబ్రెడ్ పక్కన నిలబెడితే అరబ్బు గుర్రం వేగంలో ఓడిపోతుందని అందరికీ తెలుసు.

ఇరవై ఏళ్ల మహబూబ్ పాషా పందేలను మలక్‌పేటకు రప్పించుకోవడంలో నవాబీ సుఖం కొంత, రాజ్య గౌరవం కొంత ఉన్నాయి. రేసు రోజులు సంస్థానానికి ఏటా వచ్చే పెద్ద సందడి. పరాయి సంస్థానాల రాజులు, కంటోన్మెంటు దొరలు, జాగీర్దార్లు ఒక చోట చేరేవారు. మైదానం చుట్టూ తాత్కాలికంగా అంగళ్లు, తినుబండారాల దుకాణాలు వెలిసేవి. గుర్రం మీద ఈ మోజు పోలోకూ పాకింది. 1896లో బెంగళూరులో దిగిన ఇంగ్లీషు నాలుగో హుస్సార్ల దళం కొద్ది వారాలకే హైదరాబాదు వచ్చి, నిజాం సైన్యంలోని పేరుమోసిన గోల్కొండ బ్రిగేడును ఓడించి గోల్కొండ కప్ పట్టుకుపోయింది. ఆ జట్టులో ఉన్న కుర్ర అధికారి విన్‌స్టన్ చర్చిల్ దాన్ని తన ఆత్మకథలో గర్వంగా రాసుకున్నాడు. గోల్కొండ బ్రిగేడు వాళ్లు ఏం రాసుకుని ఉండేవారో చదవాలని ఉంటుంది.

1911లో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయాడు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఖర్చుల దగ్గర ఎంత పిసినారో ఊరంతటికీ తెలుసు. పందేలు మలక్‌పేట వదిలి సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌కు మారాయి. దర్బారు వేడుక కాస్తా కంటోన్మెంటు కాలక్షేపమైపోయింది. నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య తర్వాత వచ్చిన 1358 ఫసలీలో, అంటే 1948-49లో, గుర్రప్పందేల మీద, వాటిపై కాసే సొమ్ము మీద పన్ను వేసే రెగ్యులేషన్ వచ్చింది. ఫసలీ సంవత్సరం మోసుకుంటూ ఆ పేరు ఇటీవలి దాకా తెలంగాణ చట్టాల జాబితాలో కనిపిస్తూ వచ్చింది. పాలించేది ఎవరైనా పందెం మీద వచ్చే పన్నును వదులుకోలేదన్నమాట. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. 1968లో పందేలు తిరిగి మలక్‌పేట చేరాయి. మౌలాలి పందేలకు అది సరిగ్గా నూరో ఏడు. 1978లో క్లబ్బుకు సొంత నిబంధనలతో నడిచే రేసు సంస్థ హోదా దక్కింది. అంతటితో దేశంలోని పెద్ద కేంద్రాల పక్కన హైదరాబాదుకూ పీట పడింది.

ఈలోగా బొంబాయిలో ఇంకొక మార్పు జరిగింది. 1943లో మొదటి ఇండియన్ డెర్బీని బరోడా రాజకుటుంబపు గుర్రం ప్రిన్సెస్ బ్యూటిఫుల్ గెలిచింది. స్వాతంత్ర్యం తర్వాత పరదేశపు గుర్రాలు తగ్గి, పుణె, పంజాబు, కర్ణాటకల్లోని ఫారాల్లో పుట్టినవే పందేలను ఆక్రమించాయి. వేర్వేరు ఊళ్లలో గెలిచిన గుర్రాలను ఒకే చోట ఎదురెదురుగా నిలబెట్టి దేశంలో ఏది మేటో తేల్చాలన్న ఆలోచనతో 1963లో ఇన్విటేషన్ కప్ మొదలైంది. దానికి తోడుగా పుట్టినవే వేగగాళ్లకు 1200 మీటర్ల స్ప్రింటర్స్ కప్, దమ్మున్న గుర్రాలకు 3000 మీటర్ల స్టేయర్స్ కప్, మధ్యరకానికి మైలు పందెం. ఫర్లాంగులు మీటర్లుగా మారినప్పుడు ఆరు ఫర్లాంగుల పందెం ఏడు మీటర్లు తగ్గింది. పందెంరాయుళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు.

బయటివాళ్లకు అర్థం కాని విషయం ఒకటుంది. చిన్న పందెం తేలిక పందెం కాదు. 2400 మీటర్ల పరుగులో గుర్రం గేటు దగ్గర తడబడినా, మలుపులో బయటివైపు చిక్కుకున్నా సర్దుకునే సమయముంటుంది. జాకీ దాన్ని బిగపట్టి, ముందున్నవాళ్లు అలిసేదాకా ఆగి, చివరి 400లో వదులుతాడు. 1200లో ఆ ఆట సాగదు. గేటు తెరిచిన మొదటి రెండు సెకన్లలో సగం పందెం అయిపోతుంది. చీటీలో ఏ గేటు పడింది, వర్షాకాలపు తడిలో కంచె పక్కన నేల మెత్తగా ఉందా గట్టిగా ఉందా, పక్క గుర్రం అడ్డం తిరుగుతుందా, వీటిలో ఏదో ఒకటి చాలు తలకిందులు చేయడానికి. దౌడు తీస్తున్నప్పుడు గుర్రం ఒక్కో అంగకు ఒక్కో ఊపిరే తీస్తుంది. అంగ కుదరకపోతే ఊపిరీ కుదరదు. గంటకు అరవై కిలోమీటర్లు దాటే ఆ వేగంలో గెలుపోటముల తేడా తరచూ మూతి పొడవే. ఫోటో చూసి చెప్పేదాకా బుకీ దగ్గర ఎవరూ కదలరు.

తెల్లవారకముందే లేచే సాయీసుకు ఈ తేడాలన్నీ పుస్తకం చదవకుండానే తెలుసు. కొన్ని గుర్రాలు పుట్టుకతోనే పొట్టి పరుగుకు పనికొస్తాయని వాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. 2010లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ కు చెందిన ఎమ్మెలిన్ హిల్ బృందం దానికి జన్యు ఆధారం చూపింది. కండ పెరుగుదలను అదుపులో పెట్టే మయోస్టాటిన్ అనే జన్యువులో ఒక రూపం రెండువైపుల నుంచీ వచ్చిన గుర్రానికి కండ త్వరగా పట్టి, చిన్న దూరాల్లో రాణిస్తుంది. రెండో రూపం దమ్ముకు, రెండూ కలిస్తే మధ్య దూరానికి. రెండేళ్ల తర్వాత మరో పరిశోధన ఆ వేగపు రూపం ఆధునిక గుర్రాల్లో ఇంతగా వ్యాపించడానికి 1954లో కెనడాలో పుట్టిన నియార్క్టిక్ సంతతి కారణమని చెప్పింది. దాని కొడుకు నార్తర్న్ డాన్సర్ రక్తం లేని పందెం గుర్రాన్ని ఇప్పుడు వెతికి పట్టుకోవడం కష్టం. నాలుగు మైళ్ల హీట్లు పోయి, పందేలు కురచవడానికి అలవాటుపడిన రెండు వందల ఏళ్ల తర్వాత గుర్రం ఒంట్లోనూ ఆ మార్పు స్థిరపడిందన్నమాట.

ఇక డబ్బు సంగతి. హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం 1305 ఫసలీ (1895-96) నాటిది. పందేలను తన మహలు పక్కకు తెచ్చుకున్న నిజాం కాలంలోనే జూదం నేరమైంది. 1963లో ఆ చట్టం కిందే సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసుగా అది సుప్రీంకోర్టుకెక్కింది. పడిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రమ్మీలో నేర్పుదే పైచేయి అని 1967లో తీర్పు వచ్చింది. ముప్పై ఏళ్లకు ఆ మాటే గుర్రాలను కాపాడింది. తమిళనాడు గుర్రప్పందేలను నిషేధించి, 1986లో మద్రాస్ రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకునే చట్టం తెస్తే, 1996 జనవరి 12న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ చాతుర్యం తూచి కాసే పందెం ప్రధానంగా నేర్పు ఆట అన్నది ఆ తీర్పు సారం. సికింద్రాబాదు రమ్మీ కేసును అందులో ఆధారంగా తీసుకున్నారు.

నిజామాబాద్ యార్డులో పసుపు కుప్ప ముందు నిలబడ్డ ఖరీదుదారు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి ధర పలుకుతాడు. పందేనికి ముందు గుర్రాలను తిప్పే పెడాక్‌లో గుర్రం నడక, చెమట, చెవుల తీరు చూసి నోటు తీసే మలక్‌పేట పందెంరాయుడి చూపూ అలాంటిదే. ఇద్దరిదీ నేర్పే. ఆ మాటకొస్తే సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్‌కు ప్రామాణిక కేంద్రం నిజామాబాదే. ఆర్మూర్ పొలంలో దుంప తవ్వకముందే దాని ధర మీద ఎక్కడో ఎవరో పందెం కాస్తూనే ఉంటారు, దాన్ని జూదమని ఎవరూ అనరు. అయితే కోర్టు తర్కం 2400 మీటర్లకు నప్పినంతగా 1200కు నప్పదు. పెద్ద పందెంలో అంచనాకు ఆధారాలు ఎక్కువ, చిన్నదాంట్లో గేటు నంబరు, ఒక్క తడబాటు అన్నీ తారుమారు చేస్తాయి. చట్టం మాత్రం మీటర్లు లెక్కపెట్టదు.

పన్ను కూడా లెక్కపెట్టదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పందెం మొత్తం మీద 28 శాతం వేశారు. క్లబ్బు కమిషన్ మీదే వేయాలని క్లబ్బులు కోర్టుల చుట్టూ తిరిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. కౌంటర్ దగ్గర చీటీ కొనేవాడు తగ్గి, ఫోనులో చీకటి బుకీకి కాసేవాడు పెరుగుతాడని క్లబ్బుల వాదన. పన్ను పెరిగితే బహుమతి సొమ్ము తగ్గుతుంది, బహుమతి తగ్గితే గుర్రాన్ని నాలుగేళ్లు మేపి 3000 మీటర్లకు తయారుచేసే ఓపిక ఏ యజమానికీ ఉండదు. త్వరగా తయారై త్వరగా గెలిచే గుర్రమే కావాలంటారు. డెర్బీ మొదలైన రోజుల్లో ఇంగ్లండులో జరిగింది ఇదే. ఇక నేల సంగతి వేరే తలనొప్పి. చెన్నై గిండీ మైదానం కౌలు బకాయిల గొడవతో 2024 సెప్టెంబరులో ప్రభుత్వం తాళం వేసింది. మలక్‌పేట పక్క నుంచి 2018లో మెట్రో రైలు నడవడం మొదలయ్యాక అక్కడి గజం ధరను గుర్రాల భాషలో చెప్పడం కష్టం.

వేగపు గుర్రం పందెం బతుకు మహా అయితే నాలుగైదేళ్లు. ఆయుష్షు పాతికేళ్లు. ఇండియాలో ప్రతి థరోబ్రెడ్ పుట్టిన తేదీ ఏదైనా జనవరి 1న ఒక ఏడు పెద్దదవుతుంది. ఎనిమిదో తొమ్మిదో జనవరి దాటాక ట్రాక్ మీద చోటు దొరకదు. మేలుజాతివి సంతానం కోసం ఫారాలకు పోతాయి, కొన్ని సవారీ బడులకు. మిగతావాటి లెక్క అడిగేవాళ్లు తక్కువ. 2025 వేసవిలో హైదరాబాదు నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి ఊరికి 57 గుర్రాలను లారీల్లో తరలించారు. వాటిలో కొన్ని చేరిన కొద్ది రోజులకే చనిపోయాయి. ఆ వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టుకు చేరింది.